లాగ్ బుక్కులో ఎర్ర సున్నాలు

ఆ ఉదయం పోర్టులో బొగ్గు కన్వేయర్ల కంట్రోల్ క్యాబిన్‌లో ముగ్గురం ఉన్నాం: షిఫ్ట్ దిగుతున్న ఫోర్‌మన్, ఎలక్ట్రీషియన్, ఆర్నెల్ల క్రితం చేరిన ట్రైనీ ఇంజనీరు, అంటే నేను. బల్ల మీద షిఫ్ట్ లాగ్ బుక్, టీ ఫ్లాస్కు, మూడు గ్లాసులు, నా ఎర్ర పెన్ను.

ఆడిట్ వస్తోందని లాగ్ బుక్కు సరిచూసే పని నాకు అప్పగించారు. అందులో మరమ్మతులేవైనా ఉంటే మెయింటెనెన్స్‌కి చెప్పాల్సిందీ నేనే. సరిచూడడానికి ఒక జాబితా రాసుకున్నాను: తేదీ, సమయం, సంతకం, వాక్యం చివర చుక్క. ఫోర్‌మన్‌ది మా నాన్న వయసు, పదో తరగతి చదువు. తేదీ, సంతకం ఎప్పుడూ తప్పేవారు కాదు. చుక్క మాత్రం పెట్టేవారు కాదు. ఎనిమిది గంటల పనీ ఒకే వాక్యంగా, పేజీ అంచు దాకా రాసుకుపోయేవారు.

చుక్క ఉండాల్సిన ప్రతిచోటా ఎర్రగా సున్నా చుట్టాను. ఆయన ముందే.

“ఏటి బావా, ఈ వయసులో ఇన్ని సున్నాలేటి?” అన్నాడు ఎలక్ట్రీషియన్.

“ముందర ఒకటి ఎట్టమను, కోటీశ్వరుణ్ణయిపోతాను,” అని ఫోర్‌మన్ నవ్వారు. నా వైపు మాత్రం చూడలేదు.

“చుక్క లేకపోతే అర్థం మారిపోతుందండీ,” అన్నాను. కాలేజీలో రిపోర్టులు రాయడంలో నాకు వచ్చిన మార్కులు కూడా చెప్పాను. అది ఎవరూ అడగలేదు.

రెండు రోజులకు మూడో కన్వేయర్ బేరింగ్ పట్టేసింది. ఓడలోంచి బొగ్గు దించడం సగం రోజు ఆగిపోయింది. మేనేజరు మా క్యాబిన్‌కి వచ్చి, ముందే ఎందుకు చెప్పలేదని ఫోర్‌మన్‌ని నిలదీశారు.

“రాసినాను సార్,” అన్నారాయన.

మేనేజరు పుస్తకం తెరిచారు. ‘మూడో నంబరు బేరింగు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది వెంటనే చూడాలి’ అని ఉంది. ‘ఉంది’ తర్వాత నా సున్నా. వాక్యం అక్కడ పూర్తయిందని తెలిసేంత వరకే నేను చదివాను.

“ఈ ఎర్ర గీతలు ఎవరివి?”

నేను ఎర్ర పెన్ను జేబులోకి తోశాను. ఫోర్‌మన్ నా వైపు ఒక్క క్షణం చూసి, “నావే సార్. తప్పులు దిద్దుకుంటన్నాను,” అన్నారు.

“రాసి ఊరుకుంటే సరిపోతుందా? నోటితో చెప్పాలిగా!” అని మేనేజరు వెళ్లిపోయారు. సాయంత్రానికి ఫోర్‌మన్ పేరు మీద మెమో వచ్చింది. అప్పటికీ నేనేమీ చెప్పలేదు.

మర్నాడు ఆయన ఆ మెమో, ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టారు.

“జవాబు మీరు రాసెట్టండి సార్. నాను రాత్తే సుక్కలుండవు కదా.”

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆయన ముఖంలో వెతికాను. ఉంటే బాగుండేదనిపించింది. లేదు. ఆయనకు నిజంగానే నా సాయం కావాలి.

రాశాను. ఫోర్‌మన్ వేడి సంగతి ముందే నమోదు చేశారు. నేను చదవలేదు. ఎర్ర సున్నాలు నావి. అది మేనేజరుకు ఇచ్చేముందు కింద నా సంతకం కూడా పెట్టాను. ఎన్ని సున్నాలో కూడా రాయాలనిపించి, పేజీ తెరిచి లెక్కపెట్టాను.

పద్నాలుగు.