వీధికి అవతలి కుర్చీ

కొలంబియాలోని బరాన్కియా నగరంలో ఎండ చల్లబడగానే ఎదువీహెస్ తన ఊగుడుకుర్చీ గుమ్మం ముందుకు లాగుతుంది. ఎదురింటి ఒతీలియా కూడా కుర్చీ వేసుకుంటుంది. వీధి చివర కొత్త అపార్టుమెంట్లు లేచాక ఇద్దరి మధ్యా కార్లు ఏరులా పారుతున్నాయి. ఇటునుంచి ఏం అరిచినా ఒతీలియా చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడలేదని తల ఊపుతుంది. దాటుదామంటే ఇద్దరివీ నొప్పుల మోకాళ్లే. మొన్న అన్ని ఇళ్ల మురుగు తట్టుకోలేక పాత గొట్టం పగిలింది. వీధి తవ్వి బండ్లు ఆపేశారు. పేటంతా ముక్కు మూసుకుని తిడుతుంటే, ఎదువీహెస్ గొయ్యి పక్కగా కుర్చీ ఈడ్చుకుంటూ అవతలికి వెళ్లింది.

"వచ్చావా వదినా!" అంది ఒతీలియా.

"కంపు కొడుతోందే."

"కొట్టనీ, కూర్చో."

పొద్దుగూకాక మేస్త్రీ కేకేశాడు: "రేపు గొయ్యి పూడ్చేస్తాం, పెద్దమ్మా!"

ఎదువీహెస్ లేచి అతని చేతిలో కాఫీ పెట్టింది.

"తొందరేముంది నాయనా? రేపూ కాఫీ ఇస్తాను, ఎల్లుండీ ఇస్తాను."