కృపాబాయిని అడగని ప్రశ్న

కెనడాలోని సర్రీలో బస్సు నడిపే ఎలియాజరుకు ఒళ్లు మండిపోతోంది. ప్రోస్టేట్ క్యాన్సరని చెప్పిన డాక్టరు, వైద్యం మాత్రం తననే తేల్చుకోమన్నాడు. ఆపరేషనైతే మూత్రం ఆగకపోవచ్చట. రేడియేషనైతే విరేచనాలు పట్టుకోవచ్చట. ఏది చేయించుకున్నా మగతనం పోవచ్చట. ప్రస్తుతానికి ఏమీ చేయకుండా కనిపెట్టుకుని ఉండటమూ ఒక దారేనట. "మీకేది ముఖ్యం?" అని డాక్టరు అడిగితే, పక్కనున్న భార్య కృపాబాయి వైపు చూడకుండానే, "ఈ వయసులో మాకు మగతనంతో పనేముంది, దాన్ని వదిలేయండి" అనేశాడు.

ఇల్లు చేరినా కృపాబాయి కారు దిగలేదు. లోపల మాట్లాడుకునే వీలేదీ? ఈ ఏడాది వీధిలో అన్ని ఇళ్లలాగే వాళ్ల బేస్‌మెంట్ నిండా అద్దెకు దిగిన కాలేజీ పిల్లలే. ఉప్పుకనో వైఫై కోసమనో ఎవరో ఒకరు పైకొస్తూనే ఉంటారు.

"డ్రైవ్ చేస్తూ సీట్లోనే తడిసిపోతే నా ఉద్యోగం గతేంటి? చర్చిలో అందరూ ప్రేయర్ చేస్తామంటారు. ఈ మాట ఎవరితో చెప్పుకోను?" అంటూ ఎలియాజరు స్టీరింగ్‌ని గుద్దాడు.

"నాతో చెప్పుకోండి," అంది కృపాబాయి, అతనికంటే కోపంగా. "ముందు ఆ డాక్టర్‌కి ఫోన్ చేయండి. మాకు పనిలేదన్నారే, మా ఆవిణ్ణి అడగలేదని చెప్పండి."