అద్దం మేస్త్రి గాట్లు పెట్టిన రోజు

మా బామ్మర్దిని అందరూ అద్దం మేస్త్రి అంటారు. బండలకు పాలిష్ పట్టడం అతని పని. ఏళ్ల తరబడి మిషన్ పట్టుకున్న వేళ్లకు స్పర్శ పోయింది. కాఫీ వేడిగా ఉందో చల్లారిందో పెదవులకు తగిలితే తప్ప తెలియదు.

మున్సిపాలిటీ ఆఫీసు ముందున్న ఆవరణ అతని చేతి పనే. ఏ బండ ఎగుడుగా ఉందో వేళ్లు చెప్పవు కాబట్టి, పని అప్పగించే ముందు కూతురికి స్కేటింగ్ బూట్లు తొడిగి నేలంతా తిప్పాడు. కళ్లు మూసుకుని విన్నాడు. చక్రం టక్కుమన్న చోటల్లా మళ్లీ మిషన్ పెట్టాడు. మర్నాడు ఆ పిల్ల స్నేహితులను తీసుకొచ్చింది. వాళ్లు ఇంకొందరిని తెచ్చారు.

"కొరివితో తల గోక్కున్నావు కదరా" అని మా ఆవిడ తమ్ముణ్ణి ఎన్నిసార్లు దెప్పిందో.

దెప్పడానికి కారణముంది. ఒక సాయంత్రం, ఆఫీసులోంచి వస్తున్న ముసలావిడను స్కేట్‌బోర్డు గుద్దింది. తుంటి విరిగింది. ఆవరణలో చక్రాల బూట్లు, స్కేట్‌బోర్డులు నిషేధమని బోర్డు నాటారు. పిల్లలు ఆ బోర్డుకే సంచులు తగిలించి ఆడుకున్నారు. ఇక లాభం లేదని, చక్రాలు జారకుండా నేలకు గాట్లు పెట్టించమన్నాడు ఇంజినీరు. కబురు మళ్లీ అద్దం మేస్త్రికే వచ్చింది.

"ఒప్పుకున్నావా?" అన్నాను.

"నేను కాదంటే ఇంకొకడొస్తాడు బావా. వాడైతే బండలే పగలగొడతాడు."

గొంతులో కోపం లేదు, బాధా లేదు. రేపు వాన పడొచ్చు అన్నట్టు చెప్పాడు.

పని రోజున నేనూ వెళ్లాను. పుస్తకం పట్టుకెళ్లాను గాని తెరవలేదు. దుమ్ము లేవకుండా, గాట్లు కోసే మిషన్ బిళ్ల మీద నీళ్లు పోస్తూ ఉండాలి. పనివాడు రాకపోవడంతో పైపు కూతురే పట్టుకుంది.

"చూడు మామయ్యా, కన్నతండ్రే నా కాళ్లు విరిచేస్తున్నాడు" అంది నవ్వుతూ.

"విరిగింది నీ కాళ్లు కాదు" అన్నాడు మేస్త్రి తలెత్తకుండా.

ఆమె నవ్వు ఆగిపోయింది. గోడ పక్క ఆఖరి వరసకు చేరేదాకా నీళ్లు పోస్తూ వచ్చింది.

"నాన్నా, ఇదొక్కటీ వదిలెయ్. ఇటు ఎవరూ నడవరు. రోడ్డు మీదకెళ్తే లారీలు. మాకింకెక్కడుంది చెప్పు?"

అతను మిషన్ ఆపాడు. అరచెయ్యి బండ మీద పెట్టి అటూ ఇటూ రాశాడు. ఏమీ తెలియలేదు కాబోలు, తీసేశాడు. నా వైపు చూశాడు.

"ఒక్క వరస ఉంచితే దానికోసం అందరూ ఈ గాట్ల మీదుగానే వస్తారమ్మా. పడతారు."

"పడితే పడతాం."

"నీళ్లు పట్టు."

మిషన్ మొదలైంది. పైపు విసిరేసి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. నీళ్ల ధార పక్కకు తొలగకుండా, గాటు వెంబడే గోడ చివరిదాకా సాగింది.