చెంచాడు మందు కోసం మైకు మోసిన ప్రయాణం

ఐదో తరగతిలో నేను చదువును వదిలేశాను. ముప్పయ్యో ఏట జుట్టు నన్ను వదిలేసింది. చదువు సంగతి దాచలేను, నోరు విప్పగానే తెలిసిపోతుంది. జుట్టు సంగతి మాత్రం భద్రంగా దాచాను. ఎడమ చెవి పైన మిగిలిన వెంట్రుకలను బారుగా పెంచి, కొబ్బరినూనె రాసి, నడినెత్తి మీదుగా కుడి చెవి దాకా దువ్వుతాను. పట్టపగలు ఎదురుగా నిలబడి చూసినా ఎవరూ కనిపెట్టలేరని నా నమ్మకం.

విశాఖపట్నం పాతపట్నంలో కరీం భాయ్ మైకుసెట్ల దుకాణంలో నా పని. గాజువాక అవతల స్టీలు ప్లాంటు పనులు జోరందుకున్న రోజులవి. పెళ్ళికో, శంకుస్థాపనకో రోజూ మైకు కట్టేవాడిని. మధ్యలో నాలుగు మాటలు విసిరి జనాన్ని నవ్వించేవాడిని. ఒక శనివారం సాయంత్రం సరోజిని గారనే నర్సు దుకాణానికి వచ్చారు. కృష్ణా జిల్లా మనిషి, భర్త పోర్టులో ఉద్యోగి. బీదపిల్లలకు చూపు పోకుండా మందు పోసే ఒక సేవాసంఘం తరఫున ఊళ్ళు తిరుగుతారు. భీమిలి అవతలి జాలరిపేటలో తల్లులు పిల్లల్ని తీసుకురావడం లేదట, మైకులో పిలిస్తే వస్తారేమోనని ఆవిడ ఆశ.

కరీం భాయ్ అద్దె వద్దన్నాడు. "మనిషిని కూడా ఊరికే ఇస్తన్నానమ్మా. వీడు ఒక్కరోజు లేకపోతే మా చెవులకి సేవ చేసినట్టే."

ఆదివారం ఏడున్నరకు నర్సు గారూ నేనూ బస్సెక్కాం. ఆంప్లిఫయరు ఒళ్ళో పెట్టుకుని, కారు బ్యాటరీ కాళ్ళ దగ్గర సర్దుకుని, మైకు హారను టాపు మీదికెక్కించాను. "హారనుకీ టిక్కెట్టు కొడతావేటి బావా?" అని కండక్టరును అడిగాను. "అది నోరు మూసుకుని కూకుంటాది, దానికెందుకు? కొడితే నీకే రెండు కొట్టాలి" అన్నాడు. మీలో ఎవరైనా ఆ బస్సెక్కితే ఎడమవైపు కూర్చోండి. తగరపువలస దాకా కుడివైపు వాళ్ళకు ఎండ మొహం మీదే.

పక్క సీటులో ఒకామె ఖాళీ గంప మీద చెయ్యేసి కూర్చుంది. తెల్లారకుండానే పూర్ణా మార్కెట్లో బొప్పాయిలు అమ్మి, కొడుకు కోసం బన్ను కొనుక్కుని వెళుతోంది. "ఒక్క పండు ఇంట్లో ఉంచమ్మా, పిల్లాడి కళ్ళకు మంచిది" అన్నారు సరోజిని గారు. "మా వోడి కళ్ళకి బన్ను తప్ప మరేటీ ఆనదమ్మా" అంది ఆమె. నవ్వింది గానీ, దిగేముందు వెనక్కి తిరిగి, "పచ్చిదా, పండినదా?" అని అడిగింది. పండినదే అని చెప్పారు నర్సు గారు.

భీమిలిలో ఇడ్లీ తిని, సామాను జట్కాలోకి ఎత్తి, పది దాటాక పేట చేరాం. గాలి విపరీతంగా ఉంది. సముద్రపు గాలికి నా రహస్యం ఎగిరిపోకుండా తువ్వాలు బిగించి తలపాగా చుట్టాను. హారను ఒక కొబ్బరిచెట్టుకు కట్టి మొదలుపెట్టాను:

"అమ్మలారా! నారింజరంగు మందు, తియ్యగా ఉంటాది, ఊరికే పోత్తారు! పెద్దోళ్ళకి పొయ్యరు, నాను అడిగి సూసినాను!"

ముందు పిల్లలొచ్చారు, వాళ్ళ వెనక తిట్టుకుంటూ తల్లులొచ్చారు. సరోజిని గారు ఒక్కొక్కరి కళ్ళు చూసి, చెంచాతో మందు పోస్తూ, మునగాకు ఎలా వండాలో చెబుతున్నారు.

నా పక్కనే సింహాచలం అనే జాలరి పడవకు నూనె పట్టిస్తున్నాడు. వాసనకు ముక్కు మూసుకున్నాను. "సొరసేప కార్జం నూనె బావా. ఇది తాగితే సెక్క పుచ్చదు" అని, గొంతు తగ్గించాడు. "మా మేనకోడలు ఒకర్తి ఉంది, నూకరత్నం. తల్లి నేదు, ఐదేళ్ళు. పొద్దు గూకితే గోడట్టుకుని నడుత్తాది. దానికీ పోత్తారా?"

సరోజిని గారి చేతిలో చెంచా ఆగిపోయింది. "ఎప్పటినుంచి?"

"తట్టమ్మ పోసినప్పట్నించి" అన్నాడు. ఒళ్ళంతా ఎర్రగా పేలే తట్టు జబ్బును అక్కడ అమ్మవారంటారు.

గుడిసెలోకి వెళ్ళాం. బయట ఎండ మండిపోతున్నా లోపల మసక. ఆ మసకలోనే పిల్ల నీళ్ళచెంబు కోసం నేలంతా తడుముతోంది. చెంబు దాని మోకాలి పక్కనే ఉంది.

"ఇప్పుడే మందు పడాలి. ఆలస్యమైతే పగటి చూపు కూడా పోతుంది, తర్వాత ఎవరూ తేలేరు" అన్నారు సరోజిని గారు.

పిల్ల నాయనమ్మ పోలమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "అమ్మోరు ఇంకా ఇంట్లోనే ఉంది. పత్యం. గంజి తప్ప ఏటీ ఎయ్యను."

నా నోరు ఊరుకోలేదు. బయటికొచ్చి మైకందుకున్నాను. "పోలమ్మత్తా! మీ పడవ సొర కార్జం తాగి నిగనిగలాడతంది, మీ గుంట గంజి తాగి గోడట్టుకుంటంది! పడవకి లేని పత్యం పిల్లకేటి?"

పేటంతా నవ్వింది. పోలమ్మ చీపురుతో వచ్చింది. "ఎవుడ్రా నువ్వు? నీ నోట్లో మన్నడ! దీనికి ముందొకర్తి ఉండేది, దానికీ అమ్మోరే పోసింది. దాని ఏడుపు సూళ్ళేక పత్యం తప్పించి సేప ముక్కెట్టినాను. మూడోనాడు పోనాది. ఆ ముక్కెట్టిన సెయ్యి ఇదే. నవ్వు, ఇప్పుడు నవ్వు!"

నేను మైకు ఆపేశాను.

పోలమ్మ ఇసుకలో కూలబడింది, సరోజిని గారు పక్కనే కూర్చున్నారు. "ముక్క పెట్టినందుకు పోలేదమ్మా. ఆ జబ్బే అంత" అని మెల్లగా చెప్పారు. తర్వాత, "మరి అమ్మవారు ఎప్పుడు వెళతారు?" అని అడిగారు. ఆ అడగడంలో ఎగతాళి లేదు.

"సాగనంపితే ఎల్తాది. వారంలోనే పంపాల. దీని బాబు పరదీప్ బోటు మీద ఎల్లి నెల దాటింది. డప్పులోళ్ళు జాతర్లకి ఎల్లిపోనారు. తండ్రి నేకుండా, సప్పుడు నేకుండా ఎలాగ పంపుతాం?"

అంటే వారం రోజుల పత్యం నెలరోజులుగా నడుస్తోంది. అమ్మవారిని ఎవరూ ఉండమన్నదీ లేదు, ఆవిడ ఉంటానన్నదీ లేదు. పంపేవాళ్ళు లేక పిల్ల గంజి మీద ఉంది.

"తండ్రి నేకపోతే మేనమామ పనికిరాడా అత్తా?" అన్నాను, ఈసారి మైకు లేకుండానే. "సప్పుడంటావా, అది నా పని. కోసెడు దూరం ఇనపడేలాగ సేత్తాను. ఇయ్యాలే పంపేద్దాం."

పోలమ్మ చీపురు పక్కన పడేసింది. "పెల్లిపాటలేత్తావేటి?"

"పాటల పెట్టె తేనేదు. నా నోరే ఉంది."

"అదైతే సాలు, అమ్మోరు పరిగెత్తుకుని పోతాది" అంది. అంతే, పేటంతా కదిలింది. పిల్లకు పసుపునీళ్ళు పోశారు, వేపమండలు, పెరుగన్నం తెచ్చారు. సింహాచలం ఆ పెరుగన్నపు కుండను అమ్మవారి ఘటంగా నెత్తికెత్తుకుంటూ ఖాళీ నూనె డబ్బా తమ్ముడి చేతికిచ్చాడు. వాడు డబ్బా వాయించాడు, నేను హారను, బ్యాటరీ కుర్రాళ్ళచేత మోయించి మైకులో నోటితో డప్పు కొట్టాను. ఊరి పొలిమేర దాకా వెళ్ళి ఘటం దించేసరికి నా పెదాలు వాచాయి. వెనక్కి రాగానే పోలమ్మ మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తన చేత్తోనే గడ్డం పట్టి నోరు తెరిపించింది. సరోజిని గారు చెంచా వంచారు.

"ఈ మందు గుణం సొర కార్జంలోనూ ఉంది గానీ పడవ నూనె పట్టకండి, అది పాతది, కొలత తెలియదు. తిండిలో చేప పెట్టండి, ఆకుకూర పెట్టండి" అని నర్సు గారు చెప్పారు. ఆ మధ్యాహ్నం మాకు నెత్తళ్ళ చేపల పులుసుతో భోజనం. మొదటి ముద్ద నూకరత్నానికే. ఆ పులుసుకు సాటి వచ్చేది పట్నంలో నేనెక్కడా తినలేదు.

రెండో మోతాదు మరునాడే పడాలట, సరోజిని గారు భీమిలి సత్రంలో ఆగిపోయారు. సాయంత్రం బస్సుకు నేనొక్కణ్ణే తిరుగుప్రయాణం. మైకు ఉన్నది మాట దూరానికి వినిపించడానికని అనుకునేవాడిని. దగ్గరగా కూర్చుని అడిగితేనే పోలమ్మ మాట మాకు వినిపించింది. అయినా ఆ పేట తల్లులు పిల్లల నోళ్ళు తామే తెరిచి చెంచాకు పట్టడం చూశాక, ఈ మందు పోసే పని నిలుస్తుందనిపించింది.

రెండు వారాల తర్వాత మూడో మోతాదు. ఎవరూ పిలవకుండానే, మైకు లేకుండా, సరోజిని గారి వెంట వెళ్ళాను. సందెపొద్దు వాలింది. ఆ వేళకు నూకరత్నం గోడ వదిలేది కాదు. నేను తువ్వాలు విప్పి, జుట్టు సరిగ్గా నిమురుకుని, కాస్త దూరంలో పడవ అంచున కూర్చున్నాను.

"నానెవరో సెప్పు సూద్దాం!"

"మైకు మావ" అంది గోడ దగ్గరనుంచే.

"గొంతునిబట్టి సెప్పేసినావు, అది సెల్లదు. సూసి సెప్పాల."

పిల్ల గోడ మీది చెయ్యి తీసింది. ఇసుకలో తెడ్డు అడ్డం వస్తే పక్కకు తప్పుకుని నడిచింది. నా ముందు ఆగి, తల ఒకవైపు వంచి చూసి అడిగింది:

"ఈ సెవికాడి జుట్టు ఆ సెవికాడికి ఎందుకు దువ్వినావు మావా?"