మార్చుకున్న వాగ్దానం

కొత్త సంవత్సరం ఉదయం ఆరాధన ముగిశాక మా చోడవరం చర్చిలో వాగ్దానం కార్డులు తీసుకోవడం అలవాటు. పళ్లెంలో బోర్లించిన కార్డుల్లోంచి ఒకటి తీస్తే, అందులోని వాక్యం ఆ ఏడాదికి మనకు దేవుడిచ్చిన మాట. ఆ ఏడు నేను తీసిన కార్డులో ముందుగా కంటబడిన మాట ‘శ్రమ’. ఎవరూ చూడకుండా దాన్ని పళ్లెంలో పెట్టేసి మరొకటి తీశాను. అందులో మేలు, మంచి భవిష్యత్తు ఉన్నాయి. దాన్నే ఇంటికి తెచ్చి అద్దం పక్కన అంటించాను.

మా ఆయన కె.కోటపాడు రూట్లో ఆటో నడుపుతారు. చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. మార్చి నాటికి ఆయన గొంతు బొంగురుపోయింది. దుమ్ము వల్లేమో అనుకున్నాం. రెండు నెలలైనా తగ్గకపోయేసరికి విశాఖ తీసుకెళ్లాను. డాక్టరు గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, పది రోజులాగి రమ్మన్నారు.

ఆ పది రోజులూ నేను ఒకచోట కూర్చోలేకపోయాను. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వెళ్లిపోయేదాన్ని. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేదాన్ని. కార్డు చదివితే ధైర్యం రావాలి, నాకు భయం వేసేది. ఇది నాది కాదు, దేవుడిచ్చినదాన్ని కాదన్నందుకే ఇలా జరుగుతోంది అనిపించేది.

“ఏటే, అలా తిరుగుతన్నావు? కూకో,” అనేవారు ఆయన.

ఎనిమిదో రోజు పాస్టరమ్మగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ పెరట్లో బెండకాయలు కోస్తున్నారు. జరిగిందంతా చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను.

“ఆ కార్డులు కత్తిరించింది నేనేనమ్మా. నిన్ను పట్టుకోడానికి దేవుడు ఆ పళ్లెంలో కాపు కాసేడా?” అన్నారు. కోసిన కాయలు పక్కన పెట్టి, “నువ్వు తెచ్చుకున్న మాట ఎవులికి సెప్పిందో సూసేవా? ముందూ వెనకా సదివేవా?” అని అడిగారు.

లేదన్నాను.

చేతులు కడుక్కుని బైబిలు తెచ్చి, ఆ అధ్యాయమంతా నాచేత చదివించారు. అది ఊరూ ఇల్లూ పోయి పరాయి దేశంలో చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం. మేలు చేస్తానన్న దేవుడే, డెబ్బై ఏళ్లు అక్కడే ఉండాలనీ చెప్పాడు. ఈలోగా ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు నాటుకోమన్నాడు. నా కార్డు మీద ఒక్క వాక్యమే ఉంది.

“డెబ్బై ఏళ్లంటే, ఆ మాట ఇన్నోళ్లలో శానామంది పోయుంటారు కదమ్మగారూ?”

“పోయుంటారు. ఆళ్లకీ అదే మాట ఇచ్చేడు. సదివినప్పుడల్లా నేనూ అక్కడే ఆగిపోతానమ్మా,” అన్నారావిడ.

నా మనసు కుదుటపడలేదు. కానీ ఇది శిక్ష అన్న భయం పోయింది. ఇంటికొచ్చి ఆయనకు కార్డు సంగతి చెప్పాను. నవ్వబోయి దగ్గారు.

“ముందే సెప్పుంటే నేనూ మార్చుకుందును,” అన్నారు.

పరీక్షలో క్యాన్సరని తేలింది. మొదటి దశే అన్నారు. ఆరు వారాలు రేడియేషన్ కోసం విశాఖకు తిరిగాం. బస్సులో ఆయన నా భుజం మీద నిద్రపోయేవారు. నేను చెరకు తోటలు చూస్తూ ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని.

జబ్బు తగ్గింది. పాడే గొంతు మాత్రం రాలేదు. ఇప్పుడు పాట వేరొకరు ఎత్తుకుంటే, ఆయన పక్కన కూర్చుని కంజీర వాయిస్తారు.

మూడు నెలలకోసారి చెకప్ ఉంటుంది. ఆ వారం వచ్చిందంటే నాకు కాలు నిలవదు. ఈ బుధవారం మళ్లీ వెళ్లాలి.

“ఈసారి నువ్వు రాకు. నిన్ను సూసి డాక్టరే బయపడిపోతన్నాడు,” అంటున్నారు.

నేను వెళ్తాను.