సద్దు లేని డబ్బా

“ఆ మూసిన డబ్బానే ఇయ్యప్పా. దాంట్లో సద్దు రాదు.”

“వద్దన్నా, దానికి గాలాడదు. ముందర జాలీ ఉండేది ఇయ్యి.”

“జాలీది గుయ్యని అరుస్తాది. దాని పక్కన పండుకోవాల్సింది నేను.”

“పని చేయాల్సింది నేనవ్వా. వేడెక్కితే మధ్యలో ఆగిపోతాది. పెండ్లోల్లు నన్ను తిడ్తారు, నిన్ను కాదు.”

నంద్యాలలో, కంప్యూటర్లు అమ్మే అంగడిలో, నేనూ నా మనవరాలు రూతూ ఇట్లా గొడవపడుతున్నాం. అంగడి శెట్టిగారు కంప్యూటరు సామాను బిగించే రెండు ఖాళీ డబ్బాల మీద రెండు చేతులు పెట్టుకొని నిలబడ్డాడు. ఇంతవరకే అయితే చెప్పుకోవలసిన పని లేదు. కానీ ఆ రాత్రి జరిగింది చెప్పాలంటే ఇక్కడినుంచే మొదలుపెట్టాలి. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. కల్పించి చెప్పే తెలివి నాకు లేదు. ఉన్నా చెప్పను. నమ్మితే వినండి. లేకుంటే లేచిపోయి పడుకోండి.

రూతు నా కూతురి బిడ్డ. ఆళ్లగడ్డలో మా ఇంట్లోనే ఉండి, పెళ్లి వీడియోలు కత్తిరించి అతికించే పని చేస్తుంది. రాత్రి పడుకునే ముందు ఆ పనిని కంప్యూటరుకు అప్పజెప్పి, తాను లోపలి గదిలోకి పోతుంది. అది తెల్లవార్లూ దానంతట అదే నడుస్తుంది. కంప్యూటరు ఉండేది ముందు గదిలో. ఆ గదిలోనే మా ఆయన మంచం. మంచం పక్కన, కింద, నా చాప.

మా ఆయన చాలా ఏళ్లు వడ్ల మిల్లులో పనిచేశాడు. ఆ పొట్టు దుమ్మంతా రొమ్ములోనే ఉండిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నాతో ఒకటే చెప్పింది. రాత్రిపూట ఊపిరి వింటూ ఉండమని. తేడా వస్తే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని. అప్పటినుంచి నా నిద్రంతా చెవిలోనే. ఊపిరి లోపలికి... చిన్న ఈల... మళ్లీ బయటికి. అది వినిపిస్తేనే కన్ను మూస్తాను. పాత డబ్బాలో అన్నీ చిన్న ఫ్యాన్లు. ఒకటే మోత. ఆ మోతలో మనిషి ఊపిరి ఏం వినిపిస్తుంది?

అందుకే డబ్బా ఒక్కటి మార్చుదామని వచ్చాం. లోపలి సామానంతా పాతదే.

శెట్టిగారు ఇద్దరి మాటా విని చెప్పాడు. “జాలీదైతే చల్లగా ఉంటాదమ్మా, కానీ సద్దు బయటికొస్తాది. ఈ మూతదానికి లోపల సద్దు ఆపే మెత్త అంటించినారు. ఫ్యాన్లు పెద్దవి, నిదానంగా తిరుగుతాయి. సద్దు దాదాపు ఉండదు. అయితే ఒగటి. మూత పక్కన ఈ సందులు సూడండి. ఇది వీటిలోంచే గాలి పీలుస్తాది. వీటికి ఏదీ అడ్డం రాకూడదు.”

“గోడకు ఆనిచ్చి పెట్టంలే” అన్నాను.

“గోడ సంగతి కాదన్నా” అంది రూతు. “మా అవ్వ మిక్సీకి గుడ్డ కుట్టింది, టీవీకి కుట్టింది, ఫ్రిజ్జుకు కుట్టింది. దీనికీ కుడ్తాది.”

“కుడితే ఏంది? దుమ్ము పడకుంటే వస్తువు నాలుగు కాలాలుంటాది.”

శెట్టిగారు నవ్వాడు. మూతదే తీసుకున్నాం. సామాను అందులోకి మార్చి ఇచ్చారు. బస్సులో నా ఒళ్లో పెట్టుకొని తెచ్చాను.

సాయంత్రానికి రూతు అన్నీ తగిలించి పనికి పెట్టింది. నిజంగానే సద్దు లేదు. చెవి ఆనిస్తే తప్ప తెలియదు.

“మే రూతూ, ఇది నడుస్తాందా, సచ్చిందా?” అన్నాడు మా ఆయన మంచం మీదనుంచి.

“నడుస్తాంది తాతా.”

“అట్లయితే నా రొమ్ముకు గూడా ఆ మెత్తేదో అంటిచ్చమను. మీ అవ్వకు నిద్ర పడ్తాది.”

“గమ్మునుండు. మాట్లాడితే ఆయాసమొస్తాది” అన్నాను.

రూతు స్నానానికి పోయింది. పాత చీరచెంగుతో కుట్టిన గుడ్డ ఒకటి నా దగ్గర ఉంది. డబ్బాకు పైనుంచి కింద దాకా తొడిగాను. కొత్త వస్తువును కప్పకుండా వదిలేయడం నా చేత కాదు.

ఆ పిల్ల తిరిగి వచ్చి గుడ్డ చూసింది. లాగేసి డబ్బా మీద చేయి పెట్టి, వెంటనే తీసేసింది.

“పెనం మాదిరి కాలిపోతాంది అవ్వా. చెప్పినా కదా.”

“మరి ఇప్పుడు?”

“ఇప్పుడేముంది, చల్లారనీ. పొద్దున మళ్లీ పెడతా. పెండ్లోల్లు అడిగితే నీ పేరు చెప్తా, నువ్వే మాట్లాడు.”

రూతు కంప్యూటరును ఆపేసింది. డబ్బా ముందున్న చిన్న దీపం ఆరిపోయింది. ఆ పిల్లే గోడలోంచి ప్లగ్గు పీకి, తీగను కింద పడేసింది. ఇది నేను కళ్లారా చూశాను. ఎందుకు గట్టిగా చెప్తున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ప్రార్థన చేసుకున్నాం. లైటు తీశాను. ఉక్కగా ఉందని ఫ్యాను వేయబోతే, “చలిగా ఉండాది, వద్దు” అన్నాడు ఆయన. సరే అని పడుకున్నాను. గదిలో ఏ మోతా లేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి ఆయన ఊపిరి అంత బాగా వినిపించింది. లోపలికి... ఈల... బయటికి. వింటూ వింటూ నిద్రపోయాను.

ఎప్పుడో మెలకువ వచ్చింది.

ఊపిరి వినిపిస్తోంది. లోపలికి... ఈల... బయటికి. సరే, ఉన్నాడు అనుకొని కళ్లు మూశాను. మళ్లీ తెరిచాను. ఏదో తేడా ఉంది. ఏమిటో వెంటనే తట్టలేదు. ఊపిరి అదే. ఈల అదే. కానీ... మంచం నా కుడి పక్కన ఉంది. సద్దు ఎడమ పక్కనుంచి వస్తోంది.

ఎడమ పక్కన ఉన్నది కంప్యూటరు.

లేచి కూర్చున్నాను. ఆగి విన్నాను. లోపలికి... ఈల... బయటికి. చాప మీదనుంచే మెల్లగా జరిగాను. నా కాలికి ఏదో తగిలింది. తడిమి చూస్తే తీగ. దాని చివర ప్లగ్గు. గోడలో లేదు... నా చేతిలో ఉంది.

ప్లగ్గు కింద పెట్టి, మూత పక్కన సందుల దగ్గర అరచేయి పెట్టాను.

గాలి తగిలింది. చల్లగా లేదు. కాలేంత వేడిగానూ లేదు. చిన్నబిడ్డ మన మెడ మీద పడుకొని ఊపిరి వదిలితే ఎంత వెచ్చగా ఉంటుందో, అంతే. వచ్చింది... ఆగింది... మళ్లీ వచ్చింది. దాంట్లో వడ్ల పొట్టు వాసన. మా ఇంట్లో వడ్లు లేవు. ఆయన మిల్లు మానేసి ఎన్నో ఏళ్లయింది.

మీరు అడుగుతారు, అరవలేదా అని. అరవలేదు. రూతును పిలవలేదు. యేసయ్యా అని కూడా అనలేదు. భయం వేయలేదు నాకు. ఏమీ అనిపించలేదు. చలికాలం పొద్దున తొట్టి నీళ్లలో చాలాసేపు నాని మొద్దుబారిన చేతుల్లా ఉంది ఒళ్లంతా.

మంచం మీదికి చేయి చాచితే సరిపోయేది. చాచలేదు. చాచితే ఏదో ఒకటి తెలిసిపోతుంది.

తిరిగి నా చాప మీదికి వచ్చి పడుకున్నాను. వినిపిస్తోంది కదా అనుకున్నాను. డాక్టరమ్మ వినమంది, వింటున్నాను. లోపలికి... ఈల... బయటికి. కోళ్లు కూసేదాకా అది ఒక్కసారి కూడా తప్పలేదు. ఎప్పుడు ఆగిందో మాత్రం నాకు తెలియదు. వీధిలో పాల బండి సద్దు వచ్చింది. ఆ తర్వాత చూస్తే ఇక వినిపించలేదు.

రూతు కాఫీ తెచ్చి, “తాతా” అని భుజం పట్టుకొని కదిలించింది. గ్లాసు కింద పెట్టి మళ్లీ కదిలించింది. తర్వాత నా ముఖం చూసింది.

పక్క వీధి డాక్టరు వచ్చి చేయి పట్టి చూశాడు, బిగుసుకుపోయిన దవడ ముట్టి చూశాడు.

“శానా సేపయిందమ్మా. సగం రేత్రిలోనే పోయింటాడు.”

“లేదప్పా. తెల్లారేదాకా ఊపిరి ఆడింది. నేను వింటానే ఉండా.”

“నిద్రలో అనుకునింటావులేమ్మా.”

కావచ్చు. నిద్రలో నాకు ఏ వాసనా వచ్చిన గుర్తు లేదు. అయినా కావచ్చు. అది ఆయనేనా, ఆయన కోసం వచ్చిన ఇంకేదైనానా, ఆ డబ్బాలో వేడి చల్లారుతుంటే వచ్చిన గాలా... పాస్టరుగారిని అడగలేదు. శెట్టిగారిని అసలే అడగలేదు.

పాస్టరుగారు వచ్చారు. అవుకు నుంచి నా కూతురు బయలుదేరింది. ఆయనను గది నడిమధ్య పడుకోబెట్టడానికి చోటు కావలసి వచ్చి, ఇద్దరు మగవాళ్లు కంప్యూటరును ఎత్తి వసారాలో పెట్టారు. ఎండ తగలకుండా పెట్టమని రూతు ఏడుస్తూనే చెప్పింది. మంచం తీసేటప్పుడు కింద ఆయన కాఫీ గ్లాసు కనబడింది. ఎవరి కాలో తగలబోతే నేను వంగి తీశాను. చల్లారి, పైన మీగడ కట్టింది. పారబోయడానికి చేయి రాలేదు. గోడకు ఆనుకొని కూర్చొని తాగాను.