గేటు పడినప్పుడు

టాక్సీ లైసెన్సు పరీక్షకి మా బాపట్ల బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చునేవారు. "ప్యాసింజరు కూర్చునేది ఇక్కడే కదండి" అనేవారు, పక్కన కాగితాలు పట్టుకున్న నాతో. రైలు వేళ చూసుకుని మరీ బండిని రైల్వే గేటు వైపు పోనిమ్మనేవారు.

రేపల్లె నుంచి వచ్చిన ఒకతను వంక పెట్టడానికి లేకుండా నడిపాడు. గేటు పడగానే మాత్రం వరుస తప్పించి, కుడివైపు నుంచి ముందుకెళ్లి ఆపాడు. ఆయన ఫెయిల్ చేశారు.

"అందరూ అలాగే పెడతారు కదా సార్. పిల్లలు గలోణ్ణి."

"ఎక్కేవాళ్లకీ పిల్లలుంటారు బాబూ. వచ్చే నెల రా."

మొన్న తెనాలికి అతని కారులోనే వెళ్లాను. గేటు పడింది. వరుస చివర ఆగి ఇంజను ఆపేశాడు.

"కుడివైపు ఖాళీయేగా?" అన్నాను.

అతను అద్దంలోంచి వెనక నా పక్కనున్న ఖాళీ సీటు చూశాడు.

"ఆయన రిటైరైపోయారు గానీ, ఇంకా దిగలేదండి."